మండీ వరసలో పిక్క నొప్పి

నా కుడికాలు నాకింకా ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు కంగారు పడకుండా ఉంటారు. అసలు సంగతిని చివరిదాకా దాచిపెట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానం.

నడుస్తూ నడుస్తూ పిక్క పట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఏ కిళ్ళీకొట్టు ముందో బోర్డు చదువుతున్నట్టు నిలబడిపోయేవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. ఇప్పుడు రోడ్డు మీద అలాంటి మనిషి కనపడితే నేను ఇట్టే కనిపెట్టేస్తాను. కొంత వాళ్ళ కోసం, కొంత నా మనసు కుదుటపడటం కోసం ఇది రాస్తున్నాను.

మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో వేలం వేసేవాణ్ణి నేను. పేరు వెంకటరమణ, రైతులకు రమణప్పని. రైతులు తెచ్చిన క్రేట్లు పొద్దున్నే వరసలుగా దించి ఉంటాయి. నేను ముందు నడుస్తూ ఒక్కొక్కరి కాయకు రేటు పిలుస్తాను. కొనే వ్యాపారులు గుంపుగా నా వెనకే వస్తారు. నేను నడిస్తే వేలం నడుస్తుంది, ఆగితే ఆగిపోతుంది. ఈ పనికి గొంతు ఉంటే చాలని బయటివాళ్ళు అనుకుంటారు. గొంతు సగమే, మిగతా సగం కాళ్ళు.

ఈ పనికి ఇంకొకటి కూడా కావాలి, అది అనుమానం. పైన నిగనిగలాడే ఎర్రకాయ పేర్చి, అడుగున పచ్చిదీ మచ్చలదీ నింపే రైతులు కొందరుంటారు. క్రేటులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుకాయ పైకి తీసి చూస్తేగానీ ఆ సంగతి బయటపడదు. ఇన్నేళ్ళు ఆ పని చేశాక మనుషుల్ని చూసినా అడుగున ఏముందో అనే అనిపిస్తుంది. మా ఆవిడ రత్నమ్మ నా గురించి చెప్పే మాట ఒకటుంది. దేవుడు ప్రత్యక్షమై వరమిస్తానన్నా, "ఇందులో నీకేం మిగులుతాది సామీ?" అని అడిగే రకమట నేను.

ఎండాకాలం, కాయ ముమ్మరం

నొప్పి మొదలైంది కాయ ఎక్కువగా దిగే రోజుల్లో. వరసలో కొంతదూరం పోగానే కుడి పిక్క ఎవరో చేత్తో పట్టి పిండినట్టు బిగుసుకుపోయేది. నిలబడితే కాసేపటికి వదిలేసేది. మళ్ళీ నడిస్తే మళ్ళీ అంతే. కూర్చున్నప్పుడు ఏమీ ఉండదు, పడుకున్నప్పుడూ ఏమీ ఉండదు. ఇలా వచ్చి అలా పోయే నొప్పిని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

ముందు కొత్త చెప్పుల్ని అనుమానించాను. పాతవి వేసుకున్నాను. తర్వాత బోరునీళ్ళను అనుమానించాను. తర్వాత రత్నమ్మ మార్చిన వంటనూనెను. బీడీని మాత్రం అనుమానించలేదు. చిన్నప్పటినుంచీ నా జేబులో ఉంటున్నది కదా, దాన్ని ఇంట్లో మనిషి కింద లెక్కేసుకున్నాను.

నొప్పి సంగతి మండీలో చెప్పకూడదని మాత్రం మొదటిరోజే అనుకున్నాను. ఓనరుకు ఒక తమ్ముడున్నాడు. వాడి గొంతు బాగుంటుంది, కాళ్ళు నాకంటే బాగుంటాయి. నేను కుంటుతున్నానని తెలిస్తే మర్నాడు వరసలో ముందు వాడుంటాడు. అందుకని ఒక ఉపాయం పన్నాను. పిక్క పట్టేసిన చోట ఆగి, ఎదురుగా ఎవరి క్రేటు ఉంటే అందులో చెయ్యి దూర్చేవాణ్ణి. కాయ తీసి, తిప్పి చూసి, వాసన చూసి, ఇంకొకటి తీసేవాణ్ణి. ఈలోగా నొప్పి దిగేది. వేలం వేసేవాడు అడుగుకాయ చూస్తుంటే ఎవరూ ఎందుకని అడగరు.

ఆ ఉపాయమే నా కొంపకు నిప్పు పెట్టింది. ఎందుకంటే నొప్పి రోజూ దాదాపు ఒకే దూరంలో వస్తుంది. మార్కెట్లో ఏ వైపు బండి ఎక్కడ దించాలో కూడా అలవాటుగా ఏర్పడిపోయి ఉంటుంది. రామసముద్రం వైపు నుంచి వచ్చే బండి దించే చోటుకీ, నా పిక్క పట్టేసే చోటుకీ సరిగ్గా సరిపోయింది. ఆ చోట ఉండేవి రెడ్డెప్ప క్రేట్లు.

రెడ్డెప్ప నాకు ఏళ్ళతరబడి తెలిసిన రైతు. పైన ఏ కాయో అడుగున అదే కాయ. అతని క్రేటులో చెయ్యి పెట్టాల్సిన పనే లేదు. అలాంటిది రోజూ అందరినీ దాటుకుంటూ వచ్చి అతని దగ్గరే ఆగి తవ్వడం మొదలుపెట్టాను. నేను తవ్విన కాయ మీద వ్యాపారులకూ అనుమానం పుడుతుంది. వెంటనే రేటు తగ్గించేస్తారు.

కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు రెడ్డెప్ప అందరి ముందరే అడిగేశాడు.

"ఏమప్పా రమణప్పా, దినామూ నా కాయే తవ్వుతాండావు. నా మింద ఏమన్నా అనుమానమా?"

"అందరిదీ చూస్తాండాను లే" అన్నాను, పిక్క ఇంకా వదలక పళ్ళు బిగబట్టి.

"యాడ సూస్తాండావు? ముందరుండే వాళ్ళవన్నీ వూరికే దాటుకోని వస్తివి. నా తావకొస్తానే నీ చెయ్యి దూరతాది. యాలప్పా? నేనేం తప్పు సేసినాను?"

నొప్పి అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. వెనక ఓనరు తమ్ముడు నిలబడి ఉన్నాడు. నేను ఇంకో కాయ తీసి తిప్పి చూశాను. మర్నాడు రెడ్డెప్ప బండి మా మండీ ముందు ఆగకుండా పక్క మండీకి పోయింది.

ఆషాఢం, పుంగనూరు

రత్నమ్మ తమ్ముడు సుబ్రమణ్యం పుంగనూరులో ఉంటాడు. కూరగాయలు తోలే టెంపో ఒకటుంది అతనికి. బామ్మర్ది బావ బతుకు కోరతాడని సామెత ఉంది గానీ, నేను దాన్నీ పూర్తిగా నమ్మిన మనిషిని కాను. అతనే పుంగనూరులో తనకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు మోకాలు తట్టి, నడుము వంచమని, వయసు అడిగి, మాత్రలు రాసి, నడవడం తగ్గించి రెస్టు తీసుకోమన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. అంతమందిని అనుమానించిన నేను ఆయన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు.

మండీలో జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. వీధి చివర టీ కొట్టుకు కూడా స్కూటరు మీదే పోయేవాణ్ణి. మనకు జబ్బు చేస్తే అందరూ చెప్పేది ఒకటే మాట, గమ్మున కూర్చో అని. నేను గమ్మున కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాను. స్కూటరు దిగి నడిచే ఆ కొంచెం దూరమూ రానురాను ఇంకా తగ్గిపోయింది. ముందు టీ కొట్టు దాకా పోగలిగినవాణ్ణి, ఇప్పుడు మా గేటు దాటి రెండిళ్ళు పోయేసరికి పిక్క పట్టేస్తోంది. నా బదులు వేలం వేస్తున్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

రత్నమ్మ రోజూ వేడి నూనె పెట్టి రెండు కాళ్ళూ రుద్దేది. ఒక సాయంత్రం రుద్దుతూ రుద్దుతూ ఆగింది. ఒక పాదం వదిలి ఇంకోటి పట్టుకుంది. మళ్ళీ మొదటిది పట్టుకుంది.

"ఏమయ్యా, ఈ కాలు వెచ్చగుండాది. ఇది సల్లగా ఉండాది సూడు."

"నీ చెయ్యే సల్లగుండాదేమో."

"రెండిటికీ ఒకే చెయ్యి గదయ్యా పెడతాండేది" అంది. ఆమె మొహంలో భయం చూశాను. అంతవరకూ నాకు భయం లేదు, అనుమానమే. ఆ సాయంత్రం మాత్రం నేనే వంగి రెండు పాదాలూ తడిమి చూసుకున్నాను.

శ్రావణం, కుప్పం

సుబ్రమణ్యం వచ్చి కుప్పం పోదాం పద అన్నాడు. అక్కడ రక్తనాళాల సంగతి చూసే డాక్టరమ్మ ఉందట. తిరుపతి ఉండగా, వేలూరు ఉండగా కుప్పమే ఎందుకని అడిగాను.

"నా టెంపో ఎట్లాగూ ఆ దావన పోతాది బావా. నిన్ను ఎక్కించుకోని కొంచబోయి కొంచొస్తా."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. ఆసుపత్రికి మనిషిని తెస్తే ఎంతో కొంత ముట్టే పద్ధతి ఉందని మార్కెట్లో అందరూ చెప్పుకునే మాటే. బామ్మర్దికి అలాంటిదేదో ఉందని గట్టిగా అనిపించింది. అయినా చల్లటి కాలు గుర్తొచ్చి టెంపో ఎక్కాను.

ఆ ఆసుపత్రి వరండాలో బెంచీల మీద అందరూ పాదాలనే చూసుకుంటూ కూర్చున్నారు. వేళ్ళకు కట్లున్నవాళ్ళు, పాదానికి గుడ్డ చుట్టుకున్నవాళ్ళు. నా పక్కన ఒక పెద్దాయన. పంచె కింద ఒక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. నేను చూడనట్టు చూస్తుంటే ఆయనే పలకరించాడు.

"నీకు రెండూ ఉండాయి గదప్పా?"

"ఉండాయి."

"పుండేమన్నా పడిందా?"

"లేదు. నడిస్తే నొప్పి."

"అట్లయితే నువ్వు బిన్నెగానే వచ్చినావు. డాక్టరమ్మ నడవమంటాది. నడువు. నేను పుండు పడి, అది నల్లగయినాక వచ్చినా. నాకు నడవమని సెప్పే మాటే లేకపాయ" అన్నాడు, తన సంచిలోంచి రెండు నారింజపళ్ళు తీసి ఒకటి నా చేతిలో పెడుతూ. నేను ఆ పండు పట్టుకుని, రోగుల్ని దారికి తేవడానికి ఆసుపత్రివాళ్ళే ఈయన్ని ఇక్కడ కూర్చోబెట్టారేమోనని ఆలోచించాను. అంత మంచి మనిషి గురించి అలా ఆలోచించినందుకు ఇప్పుడు తల్చుకుంటే నాకే రోత పుడుతుంది.

లోపల చేతికి కట్టే బీపీ పట్టీని తీసుకొచ్చి నా చీలమండకు కట్టారు. పొరపాటు పడ్డారేమోనని చెప్పబోయాను. రెండు చేతులకీ రెండు కాళ్ళకీ కట్టి చూశారు. తర్వాత స్కానింగు. డాక్టరమ్మ కుప్పం పక్క మనిషే, మాట మన మాటే.

"తొడలో పెద్ద రక్తనాళం పూడిపోయిందన్నా. పిక్కకు నెత్తురు సాలినంత పోవడం లేదు. కూర్చున్నప్పుడు ఆ కొంచెం సరిపోతాది. నడిసినప్పుడు కండ ఇంకా కావాలంటాది, రాదు. అదే మీ నొప్పి."

"ఆపరేషనా?"

"ఇప్పుడే వద్దు. మాత్రలిస్తాను. బీడీ మానేయాల, ఒగటి కూడా వద్దు. మల్ల నడవాల."

"నడిస్తేనే గదమ్మా నొప్పి?"

"ఆ నొప్పి దాకా నడవాల. బాగా పట్టేసినాక నిలబడండి. పూర్తిగా పోయినాక మళ్ళీ నడవండి. దినామూ. నెలలు పడతాది."

పూడిన కాలువ పక్కన చిన్న చిన్న పిల్లకాలువలు ఉన్నట్టే కాల్లో కూడా ఉంటాయట. కండ గట్టిగా అడిగితేనే అవి వెడల్పవుతాయట. గమ్మున కూర్చున్న కాలికి అవి ఉండీ లేనట్టేనట. బీడీ తాగుతూ ఇలాగే కూర్చుంటే ఆ వరండాలో పెద్దాయన వరసలో చేరాల్సిందేనని మొహమాటం లేకుండా చెప్పింది.

నాకు ఆపరేషను వద్దన్నందుకు సంతోషం రాలేదు, అనుమానం వచ్చింది. ఆపరేషను చేస్తే ఆసుపత్రికి లాభం. ఊరికే నడవమంటే ఎవరికి లాభం? లాభం లేని మాట ఎవరు చెబుతారు? ఇంటికొచ్చి చెబితే రత్నమ్మదీ అదే మాట.

"రోగిష్టి మనిషిని నడిపించే ఆసుపత్రి యాడన్నా ఉంటాదా?"

కార్తీకం, మా వీధి

అయినా నడిచాను. నల్లగా మారిన కాలిని ఊహించుకుంటూ నడిచాను. బెంగుళూరు రోడ్డు దాకా ఉన్న మా వీధిలో పొద్దున్నే, సాయంత్రం. రత్నమ్మ కూడా వచ్చేది, రెండడుగుల వెనక. నా మీద కాపలాకే వస్తోందని నాకు తెలుసు. నేను ఎక్కడ ఆగుతున్నానో ఫోనులో తమ్ముడికి చెబుతోందని కూడా తెలుసు.

బీడీ మానడం గురించి ఎక్కువ రాయను. మానినవాళ్ళకు తెలుసు, మాననివాళ్ళు నమ్మరు. ఒకరోజు దొంగచాటుగా ఒకటి కాల్చాను. రత్నమ్మ నా చొక్కా ఉతకబోయి వాసన చూసింది. పెరట్లో చొక్కా పట్టుకుని నిలబడి గొంతు పెంచకుండా అంది.

"నీ కాలు తీసేస్తే నీకేమయ్యా, మంచం మింద కూసుంటావు. మోసేదాన్ని నేను. నన్ను ఒగ మాట అడిగి తాగినావా?"

నాకు కోపం వచ్చింది. చొక్కా వాసన చూసే పెళ్ళాంతో ఎలా బతకాలి అని అరిచాను. ఆమె ఏడవలేదు, ఆ చొక్కా మళ్ళీ నీళ్ళలో ముంచింది. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. నడకకు మాత్రం రెండడుగుల వెనక వస్తూనే ఉంది. నేను మళ్ళీ బీడీ ముట్టలేదు. డాక్టరమ్మకు భయపడి కాదు, ఆ చొక్కా ముంచిన తీరుకు.

అన్నాళ్ళు నడిచినా కాలు ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టు ఉండింది. మళ్ళీ కుప్పం పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను వరండా పొడవునా నడిపించి, పక్కన తనూ నడిచి చూసింది. నేను ఒకచోట ఆగి గోడ మీది పోస్టరు చదవసాగాను.

"యాల నిలబడినారన్నా?"

"పోస్టరు..."

"నొప్పి వచ్చిందా?"

"వచ్చేటట్టుండాది."

ఆమె నవ్వింది. అప్పుడు నాకే అర్థమైంది. మండీలో నొప్పి దాచడానికి నేను నేర్చిన విద్య ఇది. పిక్క గట్టిగా పట్టేసి మొహం మారకముందే, నొప్పి మొదలవుతుండగానే ఏదో ఒకటి చూస్తున్నట్టు ఆగిపోవడం. అదే అలవాటుతో వీధిలోనూ నొప్పి గుమ్మం దాకా పోయి తిరిగొస్తున్నాను. పైగా నొప్పి వచ్చిందంటే లోపల కండ చినుగుతోందని నా భయం. అదీ ఆమెకు చెప్పాను.

"సినగదన్నా. అది కండ అడగడం. మీరు అది నోరు తెరిసేలోపలే మూసేస్తాండారు. అడగనీండి" అంది.

ఆ రోజునుంచి అడగనిచ్చాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నడిచి, ఎవరింటి ముందైనా సరే, ఏమీ చూస్తున్నట్టు నటించకుండా నిలబడేవాణ్ణి. అలా నిలబడటం నాకు నొప్పికంటే కష్టమైంది. వీధిలోవాళ్ళు ఏమైందప్పా అని అడిగేవాళ్ళు. రత్నమ్మే జవాబు చెప్పేది.

మాఘం, మళ్ళీ కుప్పం

కుప్పం పోయిన ప్రతిసారీ బామ్మర్ది నన్ను ఆసుపత్రి గేటు దగ్గర దించి మాయమయ్యేవాడు. టెంపో గేటు పక్కనే ఉంటుంది, మనిషి ఉండడు. ఎక్కడికి పోయావంటే, "ఈడే బావా" అని నీళ్ళు నమిలేవాడు. మనిషిని తెచ్చినందుకు ముట్టేది ఎక్కడో తీసుకుంటున్నాడని నా లెక్క తేలిపోయింది. ఆ ఇచ్చేదెవడో కళ్ళారా చూడాలనుకున్నాను.

ఆ రోజు లోపలికి పోయినట్టే పోయి, పక్క గేటులోంచి బయటికొచ్చి అతని వెనక బయల్దేరాను. అతను వెనక్కి చూడకుండా వేగంగా పోతున్నాడు. నేనూ అంతే వేగంగా. బట్టల కొట్లు దాటాము, బస్టాండు దాటాము. ఒకసారి తల తిప్పబోయాడు, నేను చటుక్కున నిలబడి ఉన్న లారీ వెనక్కి జరిగాను. మళ్ళీ నడిచాడు, నేనూ నడిచాను. రైలు పట్టాల వైపు తిరిగి, ఒక పంక్చరు షాపు వెనక్కి పోయాడు. ఇప్పుడు దొరికావు అనుకుంటూ నేనూ ఆ సందులోకి తిరిగాను.

గోడకు ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. నన్ను చూసి దాన్ని వెనక దాచుకున్నాడు, నాన్న కంటబడ్డ పిల్లాడిలాగా.

"ఈడికి యాలొచ్చినావు బావా?"

"నువ్వు యాడికి పోతాండావో సూద్దామని."

"దీనికే. నీ ముందర తాగితే నీకు మళ్ళీ ఆశ పుడతాదని అక్క సెప్పింది. బండిలో కూడా వాసన రాకూడదని ఇంత దూరం వస్తాండా." అని, ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, "ఆసుపత్రి కాడినుంచి నడిసే వచ్చినావా?"

"మల్ల ఎగిరొచ్చినానా?"

"మధ్యలో యాడన్నా నిలబడినావా బావా?"

వచ్చిన దారంతా గుర్తుచేసుకున్నాను. లారీ వెనక ఒక్కసారి నిలబడ్డాను. దాక్కోవడానికి, నొప్పికి కాదు. ఆ మాట తట్టాకగానీ పిక్క గుర్తు రాలేదు. బిగుసుకునే ఉంది, నిజమే, మంట కూడా ఉంది. కానీ మా గేటు దాటి రెండిళ్ళు పోలేని కాలు కుప్పం బజారంతా దాటి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా గూఢచారి పని. ఆ పంక్చరు షాపు వెనక, పాత టైర్ల మధ్య, బామ్మర్ది భుజం పట్టుకుని ఏడ్చాను. అతను సిగరెట్టు కింద పడేసి తొక్కాడు.

ఆసుపత్రికి తిరిగి పోయాక మళ్ళీ స్కానింగు చేశారు. పూడిక పూడికలాగే ఉందని డాక్టరమ్మ చెప్పింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. అడ్డం పోకుండా నొప్పి ఎలా తగ్గింది?

"అడ్డం పోలేదన్నా. పక్క దావలు పని నేర్చుకున్యాయి. కండ కూడా వచ్చిన నెత్తురును బాగా వాడుకుంటాండాది. మీరు నడక మానేస్తే అవి మళ్ళీ మరిసిపోతాయి."

ఇప్పటికీ ఆ మాట నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. లోపల చెయ్యి దూర్చి చూసే వీల్లేదు కదా. కానీ ఎవరి మాట నమ్మినా నమ్మకపోయినా, ఆ బజారు దూరం అబద్ధం చెప్పదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. నేను నడిచి బాగుపడ్డానని ఎవరూ దీన్ని చదివి నేరుగా రోడ్డెక్కవద్దు. పాదం మీద మానని పుండు ఉన్నా, కూర్చున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, వేలి రంగు మారినా ఆ దారి వేరు, ఆలస్యం చేయకూడదు. ముందు ఎవరైనా ఆ బీపీ పట్టీని మీ చీలమండకు కట్టి చూడాలి. పొరపాటున కట్టారని నాలాగా అనుకోవద్దు.

మళ్ళీ ఎండాకాలం, మండీ

ఓనరు నన్ను మళ్ళీ రమ్మన్నాడు. ఎందుకు రమ్మన్నాడా అని రెండు రోజులు ఆలోచించాను, కారణం దొరకలేదు. తమ్ముడికి పొద్దున్నే లేవడం కష్టంగా ఉందని తర్వాత తెలిసింది.

మొదటిరోజు క్రేట్ల వరస చూస్తూ కళ్ళతోనే దూరం కొలుచుకున్నాను. ఎక్కడ ఆగాల్సి వస్తుందో, ఎవరి కాయ ముందు ఆగాల్సి వస్తుందో. పాత చోటు దాకా వచ్చాను. అక్కడ రెడ్డెప్ప కాయ లేదు, వేరేవాళ్ళది ఉంది. పిక్క కొంచెం పలికింది గానీ ఆగకుండా దాటేశాను.

ఆ మధ్యాహ్నమే పక్క మండీకి పోయాను. రెడ్డెప్ప ఖాళీ క్రేట్లు బండిలోకి ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"రెడ్డెప్పా, పోయిన ఏడు నేను నీ కాయ తవ్వింది అనుమానంతో కాదప్పా. నాకు కాలు నొప్పి. సరిగ్గా నీ తావకొచ్చేసరికి పట్టేస్తా ఉండింది. నిలబడడానికి సాకు లేక చెయ్యి పెట్టినాను."

అతను చేతిలో క్రేటు దించి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. అడుగుకాయ చూసేటప్పుడు నేను చూసే చూపు అదే.

"కాలు నొప్పా? అప్పుడు సెప్పకుండా ఏడాదైనాక సెప్తాండావే. నా కాయ మళ్ళీ మీ మండీకి రావాలనా?"

నేను ఏం చెప్పినా నమ్మడని తెలిసిపోయింది. నేనైనా నమ్మను. చీలమండకు పట్టీ కట్టిన సంగతీ, చల్లటి కాలూ, పిల్లకాలువలూ ఏవీ చెప్పబుద్ధి కాలేదు. ఇంతమందిని అనుమానించి తిరిగిన నాకు, నన్ను అనుమానించే మనిషి ఎదురుగా నిలబడితే ఎంత చేదుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. సరేనప్పా అని వచ్చేశాను.

వారం పోయాక రెడ్డెప్ప బండి మా మండీ ముందు ఆగింది. ఈసారి వరస చిట్టచివర దించుకున్నాడు. పాత చోటుకు చాలా అవతల, నేను అంత దూరం ఆగకుండా ఇంకా ఎప్పుడూ పోలేదు. కావాలనే అక్కడ దించాడని నాకు అనుమానం. పాత చోట నేను ఆగుతానా లేదా అని చివరినుంచి చూస్తూ నిలబడ్డాడు.

రేట్లు పిలుస్తూ బయల్దేరాను. పాత చోటు దాటాను. వ్యాపారులు వెనక వస్తున్నారు. ఇంకా కొంచెం పోయాను. పిక్కలో మంట మొదలైంది, బిగుసుకుంటోంది, పోనిచ్చాను, అడగనిచ్చాను. చివరికి రెడ్డెప్ప క్రేట్ల ముందుకు వచ్చేసరికి ఇక కాలు కదలలేదు. నిలబడిపోయాను. అంత దూరమూ దాటుకుని వచ్చి మళ్ళీ అతని కాయ ముందే.

నా చెయ్యి అలవాటుగా క్రేటు వైపు పోయింది. రెడ్డెప్ప ఆ చేతినే చూస్తున్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నొప్పా, అనుమానమా?" అన్నాడు.

వెనక పదిమంది వ్యాపారులు, పక్కన ఓనరు, దూరంగా ఓనరు తమ్ముడు. అందరూ వింటున్నారు.

"నొప్పే రెడ్డెప్పా" అన్నాను గట్టిగా, రేటు పిలిచే గొంతుతోనే. "నాకు కాల్లో నెత్తురు సరిగ్గా పోదు. కాసేపు నిలబడితే పోతాది."

రెడ్డెప్ప ఒక ఖాళీ క్రేటు తెచ్చి బోర్లించి నా వెనక పెట్టాడు.

"కూసో" అన్నాడు.

వేలం మధ్యలో నేను ఎప్పుడూ కూర్చున్నవాణ్ణి కాదు. కూర్చున్నాను. వ్యాపారులు ఒకరిద్దరు ఫోన్లు తీశారు, ఒకతను టీ తాగొస్తానని పోయాడు. రెడ్డెప్ప నా పక్కన నిలబడి, నేను అడక్కుండానే తన క్రేటులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుకాయ ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. పైకాయ లాగే ఎర్రగా ఉంది. నేను దాన్ని తిప్పి చూడలేదు. పిక్క వదిలేదాకా చేతిలో పట్టుకుని, లేచి, రేటు పిలిచాను.